చప్పుడు ముందు, ఫోటో తర్వాత

సెలవు పెట్టి భూపాలపల్లి దాకా పోయి ఏం చూసి వచ్చావని మా కాలేజీ స్టాఫ్ రూములో అడిగారు. మా మేనమామ కళ్లు చూసి వచ్చానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఊటీ పోయినవాడు ఊటీ గురించి చెప్తే నమ్ముతారు. బొగ్గుబాయి ఊరికి పోయినవాడు నిజం చెప్పినా బుకాయిస్తున్నాడనుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను.

అసలు సంగతి మా అక్క మనవడి పుట్టువెంట్రుకల దావత్‌లో మొదలైంది. నేను కొత్తగా కొన్న పాత కెమెరా మెడకు వేసుకొని, అది బరువుగా ఉన్నట్టు అందరికీ కనబడేలా తిరుగుతున్నాను. మా మేనమామ భార్య మల్లమ్మత్త నన్ను వంటల పందిరి వెనక్కి లాక్కుపోయింది.

"అల్లుడా, గా డబ్బ నీదేనా?"

"నాదే అత్తా."

"నడుస్తదా?"

నిజాయితీపరుడైతే తల అడ్డంగా ఊపేవాడు. నేను ఎకనామిక్స్ లెక్చరర్ని. "దానికి బుద్ధి పుట్టినప్పుడు నడుస్తది" అన్నాను.

"అయితే మీ మామది ఒక్క ఫోటో తియ్యాలె. కండ్లు తెరిసి ఉండాలె."

మా మామ కొమురయ్య ముప్పై ఏళ్లుగా బొగ్గుబాయిలో పని చేస్తున్నాడు. ఇంట్లో ఆయన ఫోటోలు నాలుగున్నాయట. పెళ్లినాటిది, తీర్థంలో దిగింది, యూనియన్ వాళ్లతో దిగింది, బిడ్డ పెళ్లిలో దిగింది. నాలుగింటిలోనూ కళ్లు మూసుకునే ఉన్నాడు.

"మొన్న చుట్టపామె ఒకామె వచ్చింది. గోడ మీది ఫోటో సూసి, ‘ఎప్పుడు పోయిండు పాపం’ అన్నది. గాయన పక్కనే కూసోని బువ్వ తింటుండు."

"మామ ఏమన్నడు?"

"ఏమంటడు, ఇంకింత పులుసు పొయ్యమన్నడు."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు. మామ కడుపులో రాయి ఉందని, వచ్చే సోమవారం వరంగల్ పెద్ద దవాఖానలో చేర్చుకొని ఆపరేషన్ చేస్తామన్నారని అప్పుడు చెప్పింది. ముప్పై ఏళ్లు తను భూమిని తవ్వాడు, ఇప్పుడు డాక్టర్లు తనను తవ్వుతారని మామ బాయి కాడ అందరికీ చెప్పి నవ్విస్తున్నాడట.

"మా నాయినను తీస్కపోయిండ్రు గా దవాఖానకు, రాలె. మా అన్నను తీస్కపోయిండ్రు, రాలె. రేపు ఏమన్న అయితే నేను గోడకేం పెట్టుకోవాలె? మూసిన కండ్లేనా? బతికినన్ని రోజులు బాయిల ఉండె, రాంగనే పండె. నన్ను సూసినట్టు ఒక్క ఫోటో ఉండాలె, బిడ్డా."

మా అత్త పెద్దగా ఏడ్చే మనిషి కాదు. ఆ రోజూ ఏడవలేదు. చేతిలో గంటె పట్టుకొని నా జవాబు కోసం నిలబడింది. గంటె పట్టుకున్న మనిషికి కాదని చెప్పడం మా ఇంట్లో లేదు.

జనగామ: మందు అడిగితే వంశవృక్షం చెప్పారు

ఇక్కడ నా కెమెరా జబ్బు గురించి చెప్పాలి. మంచి కెమెరా మీట నొక్కితే లోపలి అద్దం ఠప్పున పైకి లేస్తుంది, అదే క్షణంలో ఫోటో పడుతుంది. నా కెమెరాలో అద్దం ఠప్పున లేస్తుంది, నా కంటికి చీకటి కమ్ముతుంది. ఫోటో మాత్రం పడదు. కెమెరా కాస్త ఆలోచిస్తుంది. ఒక నిండు ఊపిరి తీసుకునేంతసేపు అయ్యాక ‘తుస్’ అని మెల్లగా ఒక శబ్దం. అప్పుడు పడుతుంది ఫోటో. ఈ మధ్యలో ఎదుట ఏం జరిగిందో నాకు తెలియదు. కెమెరాకు తెలుస్తుంది. అది ఫోటో కడిగాక చెప్తుంది.

కళ్లు తెరిచే ఉంచుకునే మనుషులకే ఇందులో ముఖాలు సరిగ్గా రావు. ఇక మామ సంగతి ఏం చెప్పాలి? అందుకే, నాకు దాన్ని అమ్మిన స్టూడియో సత్తెన్న దగ్గరికి మొదట పోయాను.

"సత్తెన్నా, ఇది ఆలస్యంగా తీస్తున్నది."

"తీస్తున్నది గద సారూ?"

ఆ ప్రశ్నకు జవాబు మా సిలబస్‌లో లేదు.

"మందు లేదా దీనికి?"

"ఇది నా కాడ పుట్టిన బిడ్డ కాదు సారూ. మానుకోట యూసుఫ్ భాయ్ కాడ కొన్న. గాయన దంతాలపల్లి పటేల్ కాడ కొన్నడు. రోగం ఎట్లొచ్చిందో తెలిస్తే మందు తెలుస్తది. జర పోయి అడుగుండ్రి."

ఇలా నా యాత్ర ఖరారైంది. కొందరు పుణ్యక్షేత్రాలు వరుసగా చూస్తారు. నేను ఒక కెమెరా పాత యజమానులను వరుసగా చూడబోతున్నాను. సత్తెన్న పన్నెండు ఫోటోల కొత్త ఫిలిం రోలు ఒకటి వేసి, జాగ్రత్తగా వాడుకోమన్నాడు. ఆ మాట ఆయన నాకు చెప్పాడు గాని, దారిలో ఎదురయ్యేవాళ్లకు చెప్పలేదు.

మానుకోట: పెళ్లిళ్లు చెడగొట్టిన పెట్టె

స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్. బోర్డు కింద నిలబడ్డవాళ్ల నోట్లో మానుకోట. మా జనగామకు పాపం ఒక్కటే పేరు. టీ మా దగ్గర అర్ధరూపాయి, ఇక్కడ ముప్పావలా. పావలా ఎక్కువెందుకని అడిగితే హోటలాయన, "ఒక పేరుకు అర్ధరూపాయి, రెండో పేరుకు పావలా" అన్నాడు. చలికాలపు పొద్దున, అల్లం దంచి వేసిన టీ. ఆ పావలా నేను ఏడవకుండానే ఇచ్చాను.

యూసుఫ్ భాయ్‌కి ఇప్పుడు స్టేషన్ దగ్గర గాజుల దుకాణం ఉంది. నా మెడలోని తోలు సంచిని చూడగానే ఆయన లేచి, సగం తెరిచిన తలుపును మళ్లీ మూయబోయాడు.

"యా అల్లా! ఇది మల్లొచ్చిందా?"

"వాపస్ ఇయ్యడానికి రాలేదు భాయ్. దీని రోగం అడుగుదామని వచ్చిన."

అప్పుడు తలుపు పూర్తిగా తెరిచి కూర్చోబెట్టాడు. ఆయన ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడట.

"ఏం చెప్పాలె సాబ్. అందరు మంచిగ నవ్వినప్పుడు నేను నొక్కుత. ఠప్ అనంగనే అయిపోయిందనుకుంటరు. ముఖాలు ఇడిసిపెడ్తరు. అప్పుడు తీస్తది ఇది! పెండ్లికొడుకు ఆవలిస్తుండు. పెండ్లిబిడ్డ కాలు గోక్కుంటున్నది. బామ్మర్ది చేతి గడియారం దిక్కే సూస్తుండు."

"నవ్వుకోవడానికి బాగుంటయి కదా?"

"నవ్వుకున్నరు, అత్తగారి ఫోటో వచ్చే దాక. కోడలు భుజం మీద చెయ్యేసి మస్తు ప్రేమగ నవ్విందామె. నొక్కిన. ఫోటోల సూస్తే, చెయ్యి గట్లనే ఉన్నది. నవ్వు లేదు. గా కండ్లు సూడాలె సాబ్! బిడ్డ తల్లి ఆల్బం పట్టుకొని వాళ్లింటికి పోయింది. ‘నా బిడ్డను గిట్ల సూస్తున్నవా’ అని పెద్ద లొల్లి. పంచాయితీల సాక్షి ఎవరు? ఆల్బం!"

ఆ తర్వాత మానుకోటలో ఏ వియ్యపురాలూ ఆయనను పెళ్లికి పిలవనియ్యలేదట.

"అందుకే గాజులకొచ్చిన. గాజులల్ల లేటుండది. పగిలితే గప్పుడే పగుల్తది."

మందు ఏమైనా ఉందా అని అడిగాను. యూసుఫ్ భాయ్ చుట్టూ చూసి, వైద్య రహస్యం చెప్పినట్టు చెప్పాడు.

"చలి దీనికి దుష్మన్. ఎండల పెట్టుండ్రి, అప్పడాల లెక్క. వెచ్చగుంటే జల్ది చేస్తది. ఎండకాలం పెండ్లిళ్లల్ల నాకు లొల్లి తక్కువ. మాఘమాసంలనే కొట్లాటలు."

లోపలికి పోయి పాత ఉన్ని మఫ్లర్ ఒకటి తెచ్చి, కెమెరాకు చెవులు కప్పినట్టు చుట్టి ఇచ్చాడు. ఫీజు అడగలేదు. గాజుల ముందు నిలబెట్టి తన ఫోటో ఒకటి తీయమన్నాడు.

దంతాలపల్లి: లాఠీ లేని లాఠీచార్జి

బుచ్చిరెడ్డి పటేలు ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకు పొలాలున్నాయి, పొలాల కంటే ఎక్కువ పంచాయితీలున్నాయి. వరండాలో కుర్చీలు కూర్చున్నవాళ్ల పార్టీని బట్టి వేసి ఉన్నాయి. నేను ఏ పార్టీయో తెలియక నడుమ స్టూలు మీద కూర్చోబెట్టారు. మఫ్లర్ విప్పగానే పటేలు తల్లి, గోడకు ఆనుకొని కూర్చున్న ముసలవ్వ, నా కంటే ముందు గుర్తుపట్టింది.

"గీ డబ్బ ఇంకా సావలేదారా?"

పటేలు కెమెరాను ఒళ్లో పెట్టుకొని చాలాసేపు దాని మొహం తుడిచాడు. అరవై తొమ్మిదిలో ఆయన హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. కాలేజీలు బంద్. అప్పటికి ఈ కెమెరా కొత్తది, ఆరోగ్యవంతమైనది. మీసం కూడా సరిగ్గా రాని మా పటేలు ఊరేగింపులకు ముందు వెనక్కి నడుస్తూ ఫోటోలు తీసేవాడట.

"వెనక్కి నడుస్తున్న కాబట్టి నాకు జనం కనవడ్డరు. జనానికి నా వెనక పోలీసులు కనవడ్డరు. నాకు కనవళ్లె. అందరు ఉరికిండ్రు. ఎందుకురుకుతున్నరో సూద్దామని నేను తిరిగిన."

"దెబ్బలు తాకినయా పటేలా?"

"కెమెరాకు తాకింది. చేతులకెళ్లి జారి రోడ్డు మీద పడ్డది. నాకు తాకలె. నేనప్పటికే గల్లీల ఉన్న." ఆయన గొంతు తగ్గించాడు. "గీ సంగతి ఎలక్షన్ల చెప్పం."

సాయంత్రం ఎవరో దాన్ని తెచ్చి ఇచ్చారట. అప్పటినుంచి మొదలైంది ఆలస్యం. అయినా ఆయన వదలలేదు. మరో ఊరేగింపులో సరిగ్గా లాఠీ లేచినప్పుడు నొక్కాడు.

"ఫోటోల సూస్తే లాఠీ లేదు, పోలీసు లేడు, పోరగాళ్లు లేరు. చెప్పులున్నయి. రోడ్డు నిండ చెప్పులు. ఒక పత్రికాయనకు సూపిస్తే చెప్పుల దుకాణమా అని అడిగిండు."

నేను నవ్వు ఆపుకోలేదు. ఆయన కూడా నవ్వాడు, కాని కాస్త ఆలస్యంగా.

"నిజం చెప్తే సారూ, గా ఫోటోనే నా కాడ మిగిలింది. మిగిలినయన్ని యాడ పోయినయో. రాత్రి పక్కల పండుకుంటే గా చెప్పులేసుకున్నోళ్లు ఎవరెవరో యాదికొస్తరు."

మందు సంగతి ఆయనకూ తెలియదు. పుట్టుకతో వచ్చిన రోగం కాదు, దెబ్బతో వచ్చింది, దాన్ని వెచ్చగా ఉంచడమే అన్నాడు. జొన్నరొట్టె, కోడికూరకు పేరుపడ్డ అంకాపూర్ వాళ్లు కూడా సిగ్గుపడేంత కారంగా కోడికూర పెట్టించాడు. మా జనగామలో చుట్టానికి కారం తగ్గిస్తారు. ఇక్కడ చుట్టం మీద గౌరవం కొద్దీ పెంచుతారు. నాకు చాలా గౌరవం జరిగింది. తిన్న తర్వాత ఇంటిల్లిపాదీ వరుసగా నిలబడ్డారు. ఒక ఫోటో కొడుకులతో, ఒకటి కోడళ్లతో, ఒకటి ఎడ్లతో, ఎడ్లు కదిలాయని ఇంకొకటి. ఫిలిం ఎవరి తాత సొత్తు?

తొర్రూరు బస్సు: జ్వరమొచ్చిన బిడ్డ

తొర్రూరు పోయే బస్సులో మఫ్లర్ చుట్టిన కెమెరాను ఒళ్లో పెట్టుకొని, కిటికీ గాలి తగలకుండా చేయి అడ్డం పెట్టి కూర్చున్నాను. పక్క సీట్లో తండా నుంచి వరికోతల కూలికి పోతున్న లంబాడీ ఆడవాళ్లు ఇద్దరున్నారు. పెద్దామె నన్ను చాలాసేపు చూసింది.

"ఏం సారూ, బిడ్డకు జరమా?"

"బిడ్డ కాదక్కా, కెమెరా."

మఫ్లర్ కొంచెం తీసి చూపించాను. ఆమె రెండో ఆమెతో వాళ్ల భాషలో ఏదో అంది. ఇద్దరూ సీటు కమ్మీ పట్టుకొని నవ్వారు.

"ఏమన్నవక్కా?"

"మంచిగనే అన్న."

ఆ మంచి ఏమిటో నాకిప్పటికీ తెలియదు. దిగే ముందు మాత్రం మూటలోంచి రొట్టె, ఎండుమిరప తొక్కు తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు తిను, దానికి పెట్టకు" అంది. పటేలు ఇంటి గౌరవం ఇంకా కడుపులోనే ఉన్నా, ఆ తొక్కు రుచికి నేను రొట్టె కూడా తినేశాను.

పరకాల దాటాక: మీసానికి పట్టిన అదృష్టం

హన్మకొండ నుంచి భూపాలపల్లి బస్సులో డ్రైవర్ పక్కన ఇంజన్ మూత మీద చోటు దొరికింది. అంటే నాకు కాదు, కెమెరాకు. నేను నిలబడ్డాను. ఇంజన్ మూత మీద పరకాల దాకా రొట్టె కాల్చుకోవచ్చు. యూసుఫ్ భాయ్ చెప్పిన ఎండ ఇక్కడ ఉచితంగా దొరికింది.

పరకాల దాటి చెట్లు చిక్కబడ్డాక బస్సు ఆపారు. నక్సలైట్ల కోసం వెతుకులాట నడుస్తున్న ఈ రోజుల్లో ఆ దారిలో బస్సు ఆగడం వింత కాదు. ఆగకపోతేనే జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కోస్తా నుంచి వచ్చిన పోలీసాయన ఒకరు లోపలికెక్కాడు. ఆయన మీసం ఆయన కంటే ముందు ఎక్కింది.

"ఏంటయ్యా ఆ మఫ్లర్లో?"

"కెమెరా అండి."

"ఏ పేపరు నువ్వు?"

"పేపరు లేదండి, మామ ఉన్నడు. ఆయన ఫోటో కోసం పోతున్న."

"ఉన్నడా? పోతున్నవా?" అని ఆయన సినిమాల్లో మా భాష మాట్లాడే రౌడీల గొంతుతో అని, తనే నవ్వుకున్నాడు. "గట్లనా? గిట్లనా?"

"గట్లనే అండి" అన్నాను. బస్సులో ఎవరూ నవ్వలేదు. ఆ భాషలో నవ్వొచ్చేదేముందో అక్కడెవరికీ తెలియదు.

నన్ను కిందికి దింపి కెమెరాను తిప్పి తిప్పి చూశాడు. లోపల బాంబు లేదని తేలాక గొంతు మారింది. "మరి... మనకొకటి తీయకూడదా?" అన్నాడు. జీపు పక్కన నిలబడి మీసం మెలేశాడు. నొక్కాను.

ఠప్, తుస్ ఒకేసారి వినిపించాయి!

మళ్లీ నొక్కాను. ఒకేసారి! నా కెమెరాకు జబ్బు నయమైంది. పదిహేడేళ్లో పద్దెనిమిదేళ్లో అయ్యాక ఇంజన్ వేడికి దాని లోపలి బిగువు వదిలింది. నేను నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా నవ్వాను. నా సంతోషం చూసి ఆయన, అది తన అందం వల్లేననుకున్నాడు. "ఇంకోటి తియ్" అన్నాడు. తీశాను.

భూపాలపల్లి: ఆరోగ్యం వల్ల వచ్చిన కష్టం

మా జనగామలో టైము రైలు చెప్తుంది, ఆలస్యంగా. భూపాలపల్లిలో సైరన్ చెప్తుంది. అది కూసినప్పుడు ఊరంతా ఒక పక్కకు నడుస్తుంది, మళ్లీ కూసినప్పుడు నల్లబడి వెనక్కి నడుస్తుంది. క్వార్టర్లన్నీ ఒకే రకం. ఎవరి ఇల్లు వాళ్లు గుర్తుపట్టడానికి గుమ్మం ముందు చెట్టు పెట్టుకుంటారు. మా అత్త జామచెట్టు పెట్టింది. పక్కవాళ్లూ జామచెట్టే పెట్టారు. నేను ముందు పక్కింట్లోకి పోయి, వాళ్లు ఇచ్చిన మంచినీళ్లు తాగి, క్షేమసమాచారాలు చెప్పాక గాని తెలియలేదు.

మామ నన్ను చూసి, "ఏమోయ్ లెక్చరర్ సాబ్, నన్ను సంపనీకి వచ్చినవా, ఫోటో దించనీకి వచ్చినవా?" అన్నాడు. మనిషి కాస్త చిక్కాడు. గొంతు మాత్రం చిక్కలేదు. అత్త సర్వపిండి కాల్చి పెట్టింది. తింటూ ఉండగా నేనే అడిగాను.

"మామా, ఫోటో అంటే కండ్లెందుకు మూస్తవు?"

"నేను మూస్తనా? గవే మూసుకుంటయి. బాయిల బొగ్గు పగలనీకి షాట్ పేల్చే ముందు, పేల్చెటోడొచ్చి కేకేస్తడు. ఆ కేకిననంగనే ఒక మూలకు పోయి కండ్లు మూసుకోవాలె. ధన్ అన్న దాక తెరవొద్దు. తెరిసినోని కండ్లల్ల బొగ్గుపొడి పడ్తది. ముప్పై ఏండ్లాయె. ఎవడన్న నా దిక్కు ఏదన్న పెట్టి ‘రెడీ’ అంటే చాలు, ధన్ అనెదాక తెరుసుకోవు."

"మరి పెండ్లి ఫోటో? అప్పటికి బాయిల చేరలేదు కద?"

"గప్పుడు మీ అత్తకు భయపడ్డ."

అత్త గోడ వైపు తిరిగింది, నవ్వు కనబడకుండా.

మధ్యాహ్నం ఎండలో కుర్చీ వేశాం. మామ తెల్లచొక్కా, భుజాన తువ్వాల. వాడకట్టంతా వచ్చి సలహాలిచ్చింది. నేను రెడీ అనలేదు. కెమెరా లేపడం చూడగానే మూసుకున్నాడు. ఠప్‌తుస్. తర్వాత తెరిచాడు. కెమెరా వెనక దాచుకొని ఒక్కసారి లేపాను. అంతకంటే ఒక్కసారిగా మూసుకున్నాడు. అత్తను వెనక నుంచి చప్పట్లు కొట్టమన్నాను, చప్పుడు అయిపోయిందనుకొని తెరుస్తాడని.

"గది చెయ్యి చప్పుడు" అన్నాడు మామ కళ్లు మూసుకునే. "బాయిలోనికి చప్పుళ్లు నేర్పుతున్నవా?"

నేను నొక్కిన ప్రతిసారీ చప్పుడూ ఫోటో కలిసే వచ్చాయి. ఆరోగ్యవంతమైన కెమెరా, ఇంజన్ మీద పండిన కెమెరా! ప్రతిసారీ మామ కళ్లు ఆ చప్పుడు దాక మూసుకొని, ఆ తర్వాతే తెరుచుకున్నాయి. ఫిలిం చూసుకుంటే ఒక్కటే మిగిలింది. దంతాలపల్లి ఎడ్లు, పోలీసాయన మీసం, గాజుల దుకాణం, అన్నీ ఒక్కసారిగా యాదికొచ్చాయి. ఆ రకం రోలు ఊళ్లో ఏ దుకాణంలోనూ లేదు.

అత్త కుర్చీ మడతపెట్టి లోపలికి పోయింది. వంటింట్లో గిన్నెలు సర్దింది. సర్దిన గిన్నెలనే మళ్లీ సర్దింది. ఎల్లుండి దవాఖాన.

నేను గుమ్మంలో కూర్చొని కెమెరాను చూశాను. తెలివైనవాణ్నని ఎప్పుడూ చెప్పుకోలేదు. అయినా ఆ విషయం తట్టడానికి అంతసేపు పట్టిందంటే నాకే ఆశ్చర్యం. మామ చప్పుడు అయ్యాకే కళ్లు తెరుస్తాడు. చప్పుడు అయ్యాక ఫోటో తీసే కెమెరా ప్రపంచంలో ఒక్కటే ఉంది. దాన్ని నేను మూడు ఊళ్లు తిరిగి, మఫ్లర్ చుట్టి, ఇంజన్ మీద పండబెట్టి నయం చేశాను.

లోపలికి పోయి, "అత్తా, రంజన్ ఏడుంది?" అని అడిగాను.

"దూపయితుందా?"

"నాకు కాదు."

మఫ్లర్ విప్పేశాను. సన్నటి ప్లాస్టిక్ సంచిలో కెమెరాను చుట్టి, చన్నీళ్ల మట్టి రంజన్‌కు ఆనించి, మీద తడిగుడ్డ వేశాను. రోగిని చలిలో పండబెట్టి రోగం రావాలని కోరుకున్నవాళ్లలో వైద్య చరిత్రలో నేనే మొదటివాణ్నేమో. మామ అటు ఇటు పోతూ చూసి, "దానికి కూడ ఆపరేషనా?" అన్నాడు.

మర్నాడు పొద్దున మంచు పడింది. మా కాలేజీలో మంచును ఎవరూ అంత ప్రేమగా చూసి ఉండరు. జబ్బు తిరిగి వచ్చిందో లేదో పరీక్షించడానికి వీల్లేదు, పరీక్షిస్తే ఆఖరి ఫోటో అయిపోతుంది. మామ మళ్లీ తెల్లచొక్కా వేసుకొని, "గిదే ఆఖరు. తర్వాత నన్ను మందితోని ఆడిపియ్యకుండ్రి" అని కూర్చున్నాడు. ఈసారి నేనే గట్టిగా అన్నాను.

"మామా, రెడీ!"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నొక్కాను.

ఠప్!

నా కంటికి చీకటి. లోపల ఏ శబ్దమూ లేదు. మామ గొంతు మాత్రం వినిపిస్తోంది. "అయిందా?" అత్త చెప్పుల చప్పుడు, ఏదో సర్దడానికి దగ్గరికి పోయినట్టు. మళ్లీ మామ గొంతు. "ఇగ సాలు తియ్యే, ఏడికి పోత నేను..."

తుస్.

వరంగల్: దవాఖానలో

మామను, అత్తను ఆదివారం వరంగల్ బస్సెక్కించి నేను జనగామ చేరాను. సత్తెన్న ఫోటోలు కడిగి ఎండబెట్టాడు. యూసుఫ్ భాయ్ పోజు అయిపోయిందనుకొని కెమెరా వైపు ఒక చెయ్యి చాపి ఉన్నాడు, పాత దోస్తును పిలిచినట్టు. పటేలు ఇంట్లో అందరూ వెళ్లిపోతున్నారు, ముసలవ్వ ఒక్కతే ఇంకా నవ్వుతూ కూర్చుంది. మీసం, మీసంలాగే పడింది. తర్వాత వరుసగా కళ్లు మూసుకున్న మామలు. చివరిది సత్తెన్న చేతిలో ఉంది.

"సారూ, గిది ఖరాబయింది. గాజుల చెయ్యి ఒకటి అడ్డమొచ్చింది. కత్తిరిస్తనా?"

చూశాను. అత్త చెయ్యి మామ భుజం మీది తువ్వాల సర్దుతోంది. మామ కెమెరా వైపు చూడట్లేదు. తల పైకెత్తి అత్త వైపు చూస్తున్నాడు. నోరు సగం తెరిచి, కసురుకోబోయి ఆగినట్టు, కళ్లు నిండుగా తెరిచి.

"ముట్టుకోకు" అన్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు దవాఖానకు పోయాను. తీసిన రాయిని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. బొగ్గు కాకపోయినా నల్లగానే ఉంది. మామ మత్తుగా పడుకొని గురక పెడుతున్నాడు. పక్క మంచం ఆయన, తన ఆపరేషన్ కంటే ఈ గురకే ఎక్కువ బాధిస్తోందని నర్సుకు చెప్పుకుంటున్నాడు. అత్త స్టూలు మీద కూర్చుంది. రెండు రాత్రులు నిద్ర లేని ముఖం.

ఫోటో ఇచ్చాను. చీర కొంగుతో చేతులు తుడుచుకొని తీసుకుంది. కిటికీ వెలుగుకు తిప్పి చూసింది.

"నా చెయ్యి పడ్డది గద."

"కత్తిరిస్తనన్నడు సత్తెన్న."

"వద్దు. ఉండనియ్యి."

అంతలో మామ గురక ఆగింది. అత్త తల చటుక్కున తిరిగింది. ఫోటో పట్టుకున్న చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. పక్క మంచం ఆయన ఆశగా చూశాడు.

గురక మళ్లీ మొదలైంది, ముందుకన్నా గట్టిగా.

అత్త లేచి దుప్పటి ఆయన మెడ దాకా లాగింది. ఒంగి, నిద్రపోతున్న మనిషితో మెల్లగా అంది.

"ఇగ పండు. ఎంతసేపన్న మూసుకో కండ్లు. నీ ఇష్టం."